సీసా మూతి మీద బొట్టు

ల్యాబులో కొత్తగా చేరిన ఆడపిల్లలు నన్ను చూడగానే ఒకటే అడుగుతారు, అవ్వా, నువ్వు పనిచేసిన రోజుల్లో కూడా ఇంత కఠినంగా ఉండేదా అని. చేతికి గాజులు వద్దంటారు, ముఖానికి పౌడరు వద్దంటారు, గోరింటాకు పెట్టుకున్నన్ని రోజులు మెషిన్ గది దగ్గరికి రానివ్వరు. వాళ్లకు కోపం. నాకు నవ్వొస్తుంది. ఆ గదిలోకి మొట్టమొదట అడుగుపెట్టిన పనిమనిషిని నేనే. నన్నే ఎందుకు పంపారో, దానివల్ల నేను ఏ ఊరు చూడాల్సి వచ్చిందో చెబుతాను, వినండి. నాకు సంతకం వరకే చదువు. నేను చెబుతుంటే వేరేవాళ్లు రాస్తున్నారు.

మాది నిజామాబాద్‌లో నీళ్లు, మట్టి పరీక్ష చేసే ల్యాబు. నేను కంఠేశ్వర్‌లో ఒక గది కిరాయికి తీసుకుని ఉండేదాన్ని. మా ఆయన బోధన్ వైపు చెరుకు లారీల మీద పనికి పోయేవాడు. ఒక సీజనులో లారీ బోల్తా పడింది, మనిషి పోయాడు. తర్వాత ఎవరో చెబితే సీసాలు కడిగే పనికి కుదిరాను. సీసాలు కడగడమంటే గిన్నెలు తోమడం కాదు. సబ్బుతో కడగాలి, యాసిడ్ తొట్టిలో నానబెట్టాలి, ఏ ఉప్పూ లేకుండా వడకట్టిన నీళ్లతో మళ్లీ కడగాలి, బోర్లించి ఆరబెట్టి, మూత బిగించి, కవర్లో వేసి కట్టాలి. ఒక్క అడుగు తప్పితే ఆ సీసాలో పోసిన నీళ్లు అబద్ధం చెబుతాయి.

మొదట్లో మా దగ్గర మంట మెషిన్ ఉండేది. నీళ్లను మంటలోకి చిమ్మి, ఎదురుగా దీపం పెట్టి, ఆ వెలుతురును ఎంత మింగిందో చూసి లోహం ఎంతుందో చెప్పేవాళ్లు. సీసం అనే లోహానికి ఒక దీపం, రాగికి ఇంకో దీపం. బాగా ఎక్కువ ఉంటేనే దాని కంటికి ఆనేది. తర్వాత కొత్త మెషిన్ వచ్చింది. అందులో గ్యాసును కరెంటుతో మండించి చిన్న సూర్యుణ్ణి చేస్తారు. నీళ్లు పొగమంచులా అందులోకి పోతే అన్నీ విడివిడి అయిపోతాయి, ఒక్కొక్క లోహాన్ని దాని బరువును బట్టి ఏరి లెక్కపెడుతుంది. మేడమ్ నాకు చెప్పినంత నేను చెబుతున్నాను. పాతదానికి చత్వారం, దీనికి కనపడనిది లేదు. అదే దాని గొప్పా, అదే దానితో తంటా. నీళ్లలో ఉన్నదీ చూస్తుంది, మన ఒంటి మీద ఉన్నదీ చూస్తుంది.

మెషిన్ బిగించడానికి హైదరాబాద్ నుంచి వచ్చిన ఇంజనీరు మొదటిరోజే తేల్చి చెప్పాడు. ఈ గదిలోకి వచ్చే మనిషికి బొట్టు, కాటుక, పౌడరు, గాజులు, మెట్టెలు ఏమీ ఉండకూడదు, రాలిన పిసరంత చాలు లెక్క తప్పడానికి అన్నాడు. మాతో పనిచేసే ఆడవాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. అందులో ఒకామె మా పెద్దసారుకే ఎదురు చెప్పింది.

"పుణ్యస్త్రీని, బొట్టు తుడుసుకొని లోపటికి పోవాల్నా సార్? మా ఇంటాయన పానం మీదికి తెస్తరా ఏంది?"

సారు ఇబ్బంది పడ్డాడు. అందరి చూపూ మెల్లగా నా వైపు తిరిగింది. చివరికి సారే అన్నాడు.

"అవ్వను పంపుండ్రి. ఆమెకు తీసేదేం లేదు."

ఆయన చెడ్డ మనిషి కాదు. పని జరగాలి కాబట్టి అన్నాడు. మిగతా ఆడవాళ్లు గది బయట బెంచీ మీద కూర్చుని సీసాలు లోపలికి అందించేవాళ్లు, నేను లోపల తెల్లకోటు, చేతితొడుగులు వేసుకుని అందుకునేదాన్ని. నా ఉద్యోగంలో నాకొచ్చిన ఒకే ఒక్క ప్రమోషన్ అది. జీతం మారలేదు.

ఇక ఆ సంగతి. అది నాట్ల కాలం. రెంజల్ అవతల, మహారాష్ట్ర పొలిమేరకు దగ్గరగా ఒక చిన్న పల్లె. అక్కడి ఆడపిల్ల, ఇంకా బడికి పోయే వయసు రాలేదు, కడుపునొప్పితో మెలికలు తిరుగుతోందని నిజామాబాద్ పెద్దాసుపత్రికి తెచ్చారు. పాలిపోయింది, తిన్నది ఇమడదు. డాక్టర్లు రక్తం పరీక్ష చేస్తే సీసం ఉందని తేలింది. సీసమంటే మనం నీళ్లు పట్టే సీసా కాదు, విషపు లోహం. పిల్లల మెదడుకు పట్టిందంటే మళ్లీ బాగుపడటం కష్టం. ఇది ఎక్కడినుంచి వస్తోందో కనుక్కుని ఆపకపోతే మందులిచ్చి లాభం లేదని డాక్టరు మా ల్యాబుకు రాసి పంపాడు.

ఎవరికైనా మొదట నీళ్ల మీదే అనుమానం. ఆ పల్లెలో తాగేది ఒక్క బోరు నీళ్లే. అంతకుముందు వేసిన బోర్లన్నీ ఎండిపోయినా ఇందులో తియ్యటి నీళ్లు పడ్డాయి. అది మూస్తే వాళ్లు మళ్లీ కాలువ పక్క పాతబావికి పోవాలి, ఆ నీళ్లు వాసన. మా ఫీల్డు అసిస్టెంటు వెళ్లి బోరు నీళ్లు పట్టుకొచ్చాడు. మెషిన్‌లో పెడితే సీసం ఎక్కడో ఆకాశంలో చూపించింది.

సారు నన్ను పిలిపించాడు. సీసాలు యాసిడ్‌లో నానబెట్టావా అని అడిగాడు. నానబెట్టానన్నాను. ఎవరినైనా ముట్టుకోనిచ్చావా అన్నాడు. లేదన్నాను. నువ్వు ఎప్పుడైనా పసుపు గిసుపు రాసుకుని వస్తావా అని కూడా అడిగాడు. అడిగాక ఆయనకే తోచినట్టుంది, కాగితాల్లోకి తల దించుకున్నాడు.

మేడమ్ అని నేను చెప్పేది ఆ మెషిన్ నడిపే కెమిస్టును. జగిత్యాల వైపు పిల్ల, వయసు తక్కువ, మాట తక్కువ. నేను కడిగి ఉంచిన మిగతా సీసాల్లో ఆ వడకట్టిన ఉత్త నీళ్లు పోసి మెషిన్‌కు పెట్టింది. అన్నీ శుభ్రంగా వచ్చాయి. సారు మాత్రం, ఇవి బాగుంటే అవి బాగున్నట్టేనా, పోయిన సీసాల సంగతి ఎవరు చూశారు అన్నాడు. అదీ నిజమే. అయినా రిపోర్టు రాయక తప్పదు, బోరు మోటారుకు సీలు వేయమని పైకి పంపాలి అన్నాడు.

మేడమ్ ఒక్కరోజు ఆగమని అడిగింది. ఆమె సారుతో అన్న మాట నాకు ఇప్పటికీ జ్ఞాపకం.

"బోరుదే తప్పయితే మూద్దాం సార్. కాకపోతే, మూసినంక అందరం నిమ్మళంగ ఇంటికి పోతం. పిల్ల మాత్రం సీసం తింటనే ఉంటది."

మర్నాడు జీపులో నన్నూ తీసుకెళ్లింది. సీసాల పెట్టె నా ఒడిలోనే పెట్టుకున్నాను. నా చేతిలోంచి పోయి నా చేతిలోకే రావాలి, అప్పుడు ఎవరిమీదా మాట రాదు అంది మేడమ్. ముందు సీట్లో ఫీల్డాయన. దారికి అటూ ఇటూ చెరుకు, మధ్యమధ్య వరి మడుల్లో నాట్లు వేస్తున్న ఆడవాళ్లు. ఈసారి కూడా అంతే వస్తే ఆ పల్లె నోట్లో మట్టి. తక్కువ వస్తే నా సీసాలది తప్పు, ఇంకో చేతికి పని ఇస్తారు.

పల్లెలో దిగగానే సర్పంచి మేడమ్‌ను పక్కకు తీసుకుపోయాడు. కాలువ చూడండి, చేలల్లో కొట్టే మందుల డబ్బాలు చూడండి అంటూ చూపిస్తున్నాడు. మేము బోరు దగ్గరికి వెళ్లాం. ఆడవాళ్లు అప్పటికే గుమిగూడారు. బోరు గొట్టానికి పసుపు రాసి ఉంది, ఎర్రటి బొట్లు వరసగా ఉన్నాయి. ఎండిన బోర్ల మధ్య పడ్డ నీళ్లు కదా, గంగమ్మ అని వాళ్లకు భక్తి. ముందు నిలబడ్డ ముసలామె చేతిలో కుంకుమ భరిణె, నడుముకు సున్నం డబ్బా దోపుకుని ఉంది. ఆమె కొంగు పట్టుకుని ఒక చిన్నపిల్ల. చేతులు పుల్లల్లా ఉన్నాయి. వేలు నోట్లో పెట్టుకుని నన్నే చూస్తోంది. ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చిన పిల్ల అదేనని ఎవరూ చెప్పక్కర్లేకపోయింది.

ముసలామె నా నుదుటి వైపు చూసింది.

"జర పక్కకు జరుగు చెల్లె. గంగమ్మకు బొట్టు వెడుతున్నం."

జరిగాను. నాకేం కొత్త కాదు. పెళ్లిళ్లలో జరిగాను, గృహప్రవేశాల్లో జరిగాను. పెట్టె ఫీల్డాయన ముందు దించి, గోడ వారకు పోయి నిలబడ్డాను. ఆ గోడ దగ్గర్నుంచి అంతా కనబడుతోంది. ముసలామె గొట్టానికి బొట్లు పెట్టింది, ఫీల్డాయన నుదుట పెట్టింది, ఆయన సంబరంగా వంగాడు. ఆయన సీసాల మూతలు తీసి నీళ్లు పట్టాడు, నిలవ ఉండటానికి వేసే యాసిడ్ చుక్కలు వేశాడు, మూతలు బిగించాడు. పని అయిపోయింది. మేడమ్ వచ్చింది, జీపెక్కాం.

ఊరు దాటి కొంత దూరం వచ్చాక మేడమ్ నా ముఖం చూసి అడిగింది.

"ఏమైందవ్వా, గట్లున్నవ్?"

"ఏం లేదు మేడం. బోరుకాడ బొట్లు వెడుతుంటె నన్ను జరుగుమన్నరు. నాకు అలవాటే. అయినా పానం సివుక్కుమన్నది."

"బోరుకు పెట్టిండ్రా?"

"బోరుకు వెట్టిండ్రు, సార్‌కు వెట్టిండ్రు, మన సీసలకు గూడ వెట్టిండ్రు. నాకే పెట్టలే."

నేను నా బాధ చెప్పుకుంటున్నాను. ఆమెకు నా బాధ వినబడలేదు, ముందున్న మాట వినబడింది. నడుం నిటారుగా పెట్టి కూర్చుంది.

"సీసలకా? మూత తియ్యకముందా, తీసినంకనా?"

"తీసినంకనే. సార్ మందు సుక్కలు ఏస్తుంటే, గా ముసలామె సీస మూతి మీద ఏలు వెట్టింది."

మేడమ్ జీపు ఆపమంది. డ్రైవరు చెరుకు చేను పక్కన ఆపాడు. ఆమె ఒక సీసా తీసి ఎండకు పట్టి చూసింది. మూత కిందుగా, గాజు అంచు మీద, గోరంత ఎర్ర మరక. లోపలి అంచుకు కూడా కారింది. ఫీల్డాయన వెనక్కి తిరిగి, ప్రతి ఊళ్లో పెడతారు మేడం, కొత్త కుండ కొని తెచ్చినా పెడతారు, గంగమ్మను పంపేటప్పుడు పెట్టకుండా ఎలా పంపుతారు అన్నాడు. అందులో తప్పేముందో ఆయనకు నిజంగానే అర్థం కాలేదు. మొదటిసారి కూడా పెట్టారా అని మేడమ్ అడిగింది. పెట్టారన్నాడు. నాకూ అప్పటికి పూర్తిగా తెలియలేదు. కుంకుమలో సీసం ఉంటుందని ఎవరనుకుంటారు?

జీపు వెనక్కి తిప్పించింది.

ఈసారి పల్లె మనుషులు అలా లేరు. వెళ్లినవాళ్లు తిరిగి వస్తే ఎవరికైనా అనుమానం. మగవాళ్లు కూడా అరుగుల మీంచి లేచి వచ్చారు. ఒకతను జీపు తలుపు దగ్గరికే వచ్చాడు.

"నింపుకొని పోయిండ్రు గదా, మల్లెందుకు వచ్చిండ్రు? మా బోరు బంద్ వెట్టనీకె ఎన్ని నాటకాలాడుతరు?"

"బంద్ పెట్టకుంట ఉండనీకెనే వచ్చిన అన్నా. ఒక్క సీస నింపుకోనియ్యుండ్రి, మీ ముంగటనే," అంది మేడమ్.

ఎవరూ దారి ఇవ్వలేదు. అప్పుడు పిల్ల తల్లి, నాటు నుంచి వచ్చినట్టుంది, మోకాళ్ల దాకా బురద, ముందుకొచ్చి నింపుకోనివ్వండి అంది. ఆమె మాటకు మగవాళ్లు కాస్త జరిగారు.

మేడమ్ గొట్టాన్ని కడిగించింది. పసుపూ కుంకుమా పోయేదాకా తనే రుద్దింది. ఆడవాళ్లు గొణిగారు, గంగమ్మ బొట్టు తుడుస్తోందన్నారు. మోటారు వేయించి, నీళ్లు కాలువ కట్టి పారేదాకా వదిలింది. తర్వాత నన్ను పిలిచింది. ఫీల్డాయన నుదుట ఇంకా బొట్టుంది కాబట్టి ఆయన్ను దూరంగా ఉండమంది.

"అవ్వా, నువ్వు పట్టు."

చేతితొడుగులు వేసుకున్నాను. మూత తీశాను. శుభ్రమైన సీసా ఇక మిగిలింది అదొక్కటే. జనం ఊపిరి నా మెడ మీద తగులుతోంది. నీళ్లు నిండుతున్నాయి. అప్పుడు ముసలామె ఎప్పటి అలవాటుతోనే కుంకుమ వేలు ముందుకు చాపింది.

ఆలోచించే వ్యవధి లేదు. ఆమె మణికట్టు పట్టుకున్నాను.

ముత్తైదువ చెయ్యి, గంగమ్మకు బొట్టు పెట్టే చెయ్యి, నేను పట్టుకుని ఆపాను. ముసలామె నా కళ్లలోకి చూసింది. నేను వదల్లేదు, ఇంకో చేత్తో సీసాను దూరంగా పట్టుకున్నాను. ఏ మూలనుంచి రాయి పడుతుందో అనిపించింది. మేడమ్ మెల్లగా సీసా అందుకుని చుక్కలు వేసి, మూత బిగించి, కవర్లో పెట్టింది. అప్పుడు వదిలాను. నా తొడుగు మీద ఆమె వేలిముద్ర ఎర్రగా అంటుకుంది. నేను తీసి పారేయబోతే మేడమ్ ఆపి, ఆ తొడుగును వేరే కవర్లో వేసి జేబులో పెట్టుకుంది. జీపు ఊరు దాటేదాకా ఎవరమూ వెనక్కి తిరిగి చూడలేదు.

మరుసటి రోజు మెషిన్ గదిలో నేను, మేడమ్. అద్దం అవతల సారు. రాసిన రిపోర్టు సంతకం లేకుండా ఆయన చేతిలోనే ఉంది. మొదట ఉత్త నీళ్లు పెట్టింది. ఏమీ లేదు. తర్వాత బొట్టు పడ్డ సీసా. తెర మీద గీత నిలువునా లేచింది, నాకు చదువు రాకపోయినా గీత లేచిందో పడిందో తెలుస్తుంది. మెషిన్‌ను కడిగి మళ్లీ ఉత్త నీళ్లు పంపింది, గీత దిగిందాకా ఆగింది. అప్పుడు నేను పట్టిన సీసా పెట్టింది. నేను తెర వైపు చూడలేకపోయాను. యాసిడ్ తొట్టి వైపు తిరిగి నిలబడ్డాను. కాసేపటికి మేడమ్ నా భుజం తట్టింది. తిరిగి చూశాను. గీత నేల మీద పడుకుని ఉంది.

బోరు నీళ్లు మంచివే. నా సీసాలూ మంచివే. కోటు వేసుకోని సారు లోపలికి రాలేడు కాబట్టి అద్దం మీద వేలితో తట్టి, చేతిలో కాగితాలు అడ్డంగా మడిచాడు.

మేడమ్ ముఖంలో మాత్రం సంతోషం లేదు. ఆ తొడుగు మీది ఎరుపును యాసిడ్‌లో కరిగించి, నీళ్లు కలిపి, మళ్లీ కలిపి, మళ్లీ కలిపి పలచన చేసింది. అంత పలచన చేసి పెట్టినా గీత పైకి తగిలింది. ఆ పూటంతా మెషిన్ కడుక్కోవడంతోనే సరిపోయింది. అది కుంకుమ కాదు, సీసం పొడికి రంగు అంటుకుని ఉంది అంది ఆమె. ఆ పిల్ల నోట్లో వేలు నాకు కళ్ల ముందు కదిలింది. నానమ్మ కొంగు పట్టుకుని తిరిగే పిల్ల. తల్లి బొట్టు పెట్టుకున్న చేత్తోనే ముద్ద కలిపి పెట్టే పిల్ల.

పంచాయతీకి కాగితం పోతుంది, డాక్టరుకూ పోతుంది, కానీ అది చేరి, ఎవరో చదివి, ఇంటింటికీ చెప్పేలోపల పిల్ల రోజూ తింటూనే ఉంటుంది అంది మేడమ్. మనమే పోదాం అంది. మనం అన్నదానికి అర్థం పల్లెకు పోయి ఆడవాళ్ల మధ్య కూర్చుని చెప్పేది నేనని.

నేను వద్దన్నాను. అదొక్కటి నావల్ల కాదన్నాను. మేడమ్, నువ్వు పెళ్లికాని పిల్లవు, నీకు తెలియదు, నేను పోయి ముత్తైదువులను బొట్టు తియ్యమంటే ఏమంటారో నీకు తెలియదు అన్నాను. ఆమె బలవంతం చేయలేదు. మర్నాడు పొద్దున డ్రైవరును పిలిచి జీపు దగ్గర నిలబడింది. నేనే పోయి ఎక్కాను.

ఆ పిల్ల ఇంటి వాకిట్లో చాప వేశారు. బోరు మంచిదని మేడమ్ చెప్పగానే అందరి ముఖాలూ విచ్చుకున్నాయి. మరి పిల్లకెట్లా వచ్చింది అని తల్లి అడిగింది. మేడమ్ నా వైపు చూసింది. మీరు పెట్టుకునే కుంకుమ ఎక్కడిది అని అడిగాను. సంతలో కొన్నదన్నారు. మామూలు కుంకుమ మడిలో వంగి నాటు వేస్తుంటే చెమటకు కారిపోతుందట, ఇది పొద్దంతా కదలదట, అందుకే అందరూ అదే తెచ్చుకుంటున్నారు. అందులో సీసం ఉంది కాబట్టే కదలదని చెప్పాను. అది పిల్ల కడుపులోకి ఎట్లా పోతుందో చెప్పాను. తీసెయ్యాలి అన్నాను.

ముసలామె లేచి నిలబడింది.

"మొన్న నిన్ను పక్కకు జరుగుమన్న. నువ్వు నా చెయ్యి వట్టినవ్. గిప్పుడు ముండమోసిన మొకమేసుకొని అచ్చి ఊరోళ్ల బొట్లు తియ్యమంటున్నవ్. గంత పగ వట్టినవా?"

ఎవరూ ఆమెను ఆపలేదు. మేడమ్ ఏదో అనబోయింది, నేను చెయ్యెత్తి వద్దన్నాను. ఆ మాటకు జవాబు చెప్పాల్సింది నేనే.

"పగ వడితే ఇంత దూరం అత్తునా అక్కా. మెషిన్ల సూసి, ఇంట్ల కూసుందును. నీ మనుమరాలు దినాము ఇంత తింటాంటే, తిననియ్యి అని ఊకుందును."

పిల్ల అప్పుడే ముసలామె కొంగుతో ముఖం కప్పుకుని ఆడుకుంటోంది. కొంగు అంచుకు ఎర్రగా పొడి అంటుకుని ఉంది. ముసలామె ఆ అంచును చూసింది. గబుక్కున పిల్ల చేతిలోంచి లాగేసింది. పిల్ల ఏడుపు అందుకుంది.

తల్లి ఇంట్లోకి పోయి తన భరిణె, అత్త భరిణె తెచ్చి మేడమ్ ముందు పెట్టింది. మేడమ్ వాటిని మూతలతోనే కవర్లో వేసుకుంది. మిగతా ఆడవాళ్లు కదల్లేదు, ఒకరి నుదురు ఒకరు చూసుకుంటున్నారు. తల్లి నన్నే అడిగింది.

"మల్ల ఉత్త నొసలుతోని తిరుగాల్నా అవ్వా?"

ఉత్త నొసలు ఎట్లా ఉంటుందో ఆ వాకిట్లో నాకంటే ఎవరికి తెలుసు?

"వద్దు బిడ్డా. మీ శేన్ల పసుపు ఉన్నదా ఇంట్ల? రంగు పుయ్యనిది?"

ఉందన్నారు. తాము ఉడకబెట్టి, ఎండబెట్టి, దంచుకున్నదే. మా అమ్మ ఇంట్లో కుంకుమ కొనేవాళ్లు కాదు, పసుపులో సున్నపు తేట కలిపి, నీడలో ఆరబెట్టి చేసుకునేవాళ్లం. నా పెళ్లికి నేనే చేసుకున్నాను. మా ఆయన పోయాక మళ్లీ ముట్టలేదు. ఎట్లా కలపాలో నోటితో చెప్పాను. తల్లి పళ్లెంలో పసుపు పోసుకొచ్చింది, చెయ్యి పెట్టలేదు. పళ్లెం నా ముందుకు జరిపింది.

"సూత్తె గని తెలువది. నువ్వే కలుపవ్వా."

నా చేతులు ఒళ్లోనే ఉన్నాయి. ముసలామె వైపు చూశాను. ఆమె నడుం దగ్గర తడుముకుంది. సున్నం డబ్బా తీసి, చాప మీద నా మోకాలి పక్కన పెట్టింది.

కలిపాను. పసుపు నా వేళ్ల కింద మెల్లగా ఎర్రబడింది. అందరూ వంగి చూశారు. తనకూ కొంచెం కలపమని ఒకామె తన పసుపు తెచ్చింది, ఇంకొకామె తెచ్చింది. చేతులు మణికట్ల దాకా ఎర్రగా అయ్యాయి.

అందులోంచి చిటికెడు మేడమ్ పొట్లం కట్టుకుని పరీక్షకు పెట్టింది, మంచిదనే వచ్చింది. సంతలో ఆ ఎరుపు అమ్మేవాళ్ల మీదికి అధికారులు పోయారని విన్నాను, ఏమైందో నాకు తెలియదు. పిల్ల రక్తంలో సీసం మెల్లమెల్లగా దిగింది. చదువు కొంచెం వెనకబడింది, కానీ బడికి పోతోంది. సారు ఆ తర్వాత ప్రతి ఊరికీ ఒక ఉత్త నీళ్ల సీసా కూడా పంపాలని, అక్కడ మూత తీసి మళ్లీ పెట్టి తేవాలని రూలు పెట్టాడు. ఇప్పుడు మీరు మోసుకుపోయి మోసుకొచ్చే ఉత్త నీళ్ల సీసా అదే.

ఆ వాకిట్లో కుంకుమ కలిపి వచ్చిన మర్నాడు పొద్దున నేను పనికి వెళ్లాను. ఇంట్లో సబ్బుతో ఎంత రుద్దినా, సబ్బు తగిలిన కొద్దీ పసుపు ఇంకా ఎర్రబడింది. మెషిన్ గది తలుపు దగ్గర కోటు తీసుకోబోతుంటే మేడమ్ నా వేళ్లు చూసింది.

"ఇయ్యాల నువ్వు లోపటికి రావద్దవ్వా," అంది.

బయట బెంచీ మీద మా ఆడవాళ్లు కూర్చుని ఉన్నారు, బొట్లతో, గాజులతో. నన్ను చూసి ఒకామె జరిగి చోటిచ్చింది. పోయి కూర్చున్నాను.